ఐదు అరవై టైరూ, మా అత్త బరువూ

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. ఫ్రెంచిలో రాస్తే మా పాత యజమాని మనవలు చదువుతారు. మా ద్వీపపు మాట క్రియోల్‌లో చెబితే మా అత్తవారి వైపు చుట్టాలందరికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. తెలుగైతే సాయంకాలపు బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న మీలాంటి కుర్రకారు కూడబలుక్కుని చదవాలి. ఈలోగా నేను తప్పించుకోవచ్చు. పైగా టైర్ల కొట్లో పనికి చేరబోయేది మీరే, చదవాల్సిందీ మీరే.

నా పేరు సూరయ్య. బ్రిజే వెర్దియేర్‌లో చెరకు తోటల మధ్య పుట్టాను. మా తాత చెరకు నరికాడు, మా నాన్న చెరకు నరికాడు, నేను పట్నం వెళ్ళి పోర్ట్ లూయీలో టైర్లు మార్చాను. రెండు పనుల్లోనూ ముందు పోయేది నడుమే. నా జీతం ఎప్పుడు పెరిగింది, చివరి రోజున ఎవరు దండ వేశారు లాంటివి ఇందులో వెతక్కండి. దండ వేసినవాడికి నా పేరు కూడా సరిగ్గా తెలీదు. తెల్లదొరల కాలం చివరి రోజుల్లో, జెండా మారుతుందా మారదా అని ఊళ్ళన్నీ కొట్లాడుకుంటున్నప్పుడు జరిగిన ఒక్క సంగతే చెబుతాను. చిన్న కారుకు టైరు సైజు ఎంచుకోవడం ఎంత పెద్ద పనో నాకు అప్పుడే తెలిసింది.

రిమ్ముకు ఎక్కితే సరిపోయినట్టే

టైరు పక్కన రెండు అంకెలుంటాయి. మొదటిది టైరు లావు, రెండోది రిమ్ము అడ్డకొలత, రెండూ అంగుళాల్లో. అప్పట్లో మా ద్వీపంలో తిరిగే చిన్న ఇంగ్లీషు కారు ఒకదానికి ఐదు-పద్నాలుగు టైరు వచ్చేది. కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో, అది దొరక్కపోతే లావు ఐదు ఇరవై అయినా ఫర్వాలేదని రాసి ఉండేది. అంటే ఐదంగుళాల పైన పాయింటు రెండు. అంతకు మించిన లావు గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

మా యజమానిని అందరూ ముస్యే రొలాన్, అంటే రొలాన్ గారు, అనేవారు. తెల్లవాడు, ఇస్త్రీ చొక్కా, చేతికి ఎప్పుడూ మసి అంటదు. చెడ్డవాడు కాదు. నా పెళ్ళికి వచ్చి అరిటాకులో చేత్తో తిన్నాడు, చారు మోచేతి దాకా కారినా నవ్వుతూనే ఉన్నాడు. కానీ టైర్ల విషయంలో ఆయనకు ఒకటే సిద్ధాంతం: రిమ్ముకు ఎక్కితే సరిపోయినట్టే. రెండో అంకె కుదిరితే చాలు, మొదటి అంకె దేవుడి దయ.

సరుకు ఓడల్లో వచ్చేది. ఓడలో ఏ సైజు దిగితే, ఆ ఓడ నుంచి మళ్ళీ ఓడ దాకా ద్వీపంలోని చిన్న కార్లన్నిటికీ అదే సైజు పట్టేది! ఒకసారి ముస్యే ఎక్కడో ఎవరికీ అక్కర్లేని లాటు ఒకటి చవగ్గా దొరికిందని మొత్తం ఎత్తుకొచ్చాడు. రిమ్ము పద్నాలుగే. లావు మాత్రం ఐదు అరవై. అవి ఇంకాస్త పెద్ద కారు కోసం చేసినవి.

"ముస్యే, ఇవి లావు కదా?" అన్నాను.

"సూరయ్యా, మోనామీ, మన రోడ్లు చూశావుగా? లావుంటే మంచిదే. బిగించు" అన్నాడు. పని చెప్పేటప్పుడు నేను ఆయనకు మోనామీ, అంటే నేస్తాన్ని.

బిగించాను. ఇక్కడ మీకు నా మొదటి మాట: యజమాని 'బిగించు' అన్నాక మీరూ బిగిస్తారు. నాకు తెలుసు. వీరుల్లా మాట్లాడకండి.

భార్య కోసం కొన్న టైర్లు

ఆ లాటులో మొదటి నాలుగూ కొన్నది ఫ్లాక్ వైపు ఎస్టేటులో గుమాస్తా ఒకాయన. మనిషి గడకర్ర, ఆయన భార్యా అంతే. ఆయన నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"సూరయ్యా, టైరు లావైతే స్పీడు ముల్లు తక్కువ చూపిస్తుందట, నిజమేనా?"

నిజమే. ముల్లు చక్రం తిరిగిన లెక్కే చెబుతుంది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి కాస్త ఎక్కువ దూరం పోతుంది, ముల్లుకు ఆ సంగతి తెలీదు. అది ముప్పై అంటుంటే బండి దాదాపు ముప్పైరెండు మీద ఉంటుంది.

"ఎందుకండీ?"

"ముల్లు ముప్పై దాటితే చాలు మా ఆవిడ అయ్యో దేవుడా అని నా చెయ్యి పట్టేసుకుంటుంది. ఆ రెండు మైళ్ళయినా నాకు వదిలెయ్యి నాయనా!"

వదిలేశాను. పదిరోజులకు మళ్ళీ వచ్చాడు, ముఖం వేలాడేసుకుని. "కారు బాగా నెమ్మదైపోయింది, ఎద్దుబండిలా ఉంది, కొంచెం పోనివ్వండి అని ఇప్పుడు తనే పోరుతోంది. నాకు భయంగా ఉంది" అన్నాడు. నేను రెండు రోజులు నవ్వుకున్నాను.

నవ్వుకోవడం వరకూ బాగానే ఉంది. దాంతో పాటు నా బుర్రలోకి ఇంకోటి కూడా ఎక్కింది. ఆ కారు వెనక చక్రాలకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూశాను, దూరాయి. ఎక్కడా రాపిడి లేదు. ఐదు అరవై ఈ కారుకు భేషుగ్గా పడుతుందని తీర్మానించేసుకున్నాను. ఆ కారులో ఎక్కేది ఇద్దరే, ఇద్దరూ కలిపి ఒక మనిషంత బరువు లేరన్న సంగతి నాకు తట్టలేదు. ఎంత తెలివితక్కువ పనో చూడండి. మన ద్వీపంలో ఇద్దరే ఎక్కే కారు ఎక్కడైనా ఉందా?

బావ పర్మిట్

నా భార్య అన్న నరసయ్యది కాంప్ ద మాస్క్ ఊరు. నేను బావా అంటే ఆయనా నన్ను బావా అనేవాడు. పదిహేనేళ్ళు ఎస్టేటులో చెరకు నరికి, కూలీల మేస్త్రీ సర్దారుతో తగువు పెట్టుకుని, పని మానేసి, పాత చిన్న కారు ఒకటి సంపాదించాడు. టాక్సీ పర్మిట్‌కు పెట్టుకున్నాడు. అప్పట్లో పర్మిట్ అంటే మాటలు కాదు. బండ్ల పరీక్ష అధికారి ఇంగ్లీషు దొర. గురువారం పొద్దున ఆయన కారు చూసి సరే అంటే పర్మిట్. కాదంటే వరసలో తర్వాతివాడికి పోతుంది. అప్పుడు బావకు టాక్సీ ఉండదు, ఎస్టేటులో చోటూ ఉండదు. ఇంట్లో నలుగురు పిల్లలు.

బుధవారం సాయంత్రం కారు మా కొట్టు ముందు ఆపాడు. టైర్లు చూసి నాకు కళ్ళు తిరిగాయి. కరెక్టు సైజే, ఐదు-పద్నాలుగే. కానీ బోడిగుండంత నున్నగా ఉన్నాయి.

"బావా, వీటితో వెళ్తే దొర కారు దిగమని కూడా అనడు, అటునుంచటే పొమ్మంటాడు" అన్నాను.

"కి పు ఫేర్? ఏం చెయ్యాలి మరి? నువ్వు ఉన్నావు కదా అని వచ్చా. కొత్తవి ఏవున్నాయి?"

కొట్లో ఉన్నవి ఐదు అరవైలే. తర్వాతి ఓడ ఎప్పుడో ఎవరికీ తెలీదు. ఒకటి బిగించి రెండు వేళ్ళు పెట్టి చూశాను. దూరాయి, కాస్త బిగుతుగా.

"ఏం కాదు కదా బావా?" అన్నాడు.

"ఏం కాదు బావా" అన్నాను.

ముస్యే కాదు, నేనన్నాను ఆ మాట. ఇది మరిచిపోకండి.

గురువారం దొర కారు చుట్టూ తిరిగాడు, కొత్త టైర్ల గళ్ళు చూశాడు, బ్రేకు చూశాడు, సంతకం పెట్టాడు. కారులో బావ ఒక్కడే ఉన్నాడు. నలుగురు ప్రయాణికులకు పర్మిట్ వచ్చింది. మా అత్త ఇంట్లో ఆ రోజు బూరెలు వండింది. నేను పన్నెండు తిన్నాను.

షెమాన్ గ్రెనియే దారి

బావకు తగిలిన మొదటి బేరం రామభజన. షెమాన్ గ్రెనియేలో కొత్త భజన మందిరం తెరుస్తున్నారు, కాంప్ ద మాస్క్ బృందాన్ని పిలిచారు. ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. స్టీరింగు దగ్గర బావ. ముందు సీట్లో నేనూ భజన గురువుగారూ. వెనక మా అత్త, ఆవిడ పక్కన ముగ్గురు, ఆ ముగ్గురి ఒళ్ళో అడ్డంగా ఇంకొకడు. డిక్కీలో హార్మోనియం, మృదంగం, మందిరానికి ఇవ్వాలని ఒక బస్తా కొబ్బరికాయలు, పెద్ద గిన్నెడు పులిహోర. పర్మిట్ ప్రకారం నలుగురు కదా అని ఎవరూ అడగలేదు. భజనకు పోతూ మనుషుల్ని లెక్కపెట్టేవాడిని మావాళ్ళు దింపేసి పోతారు.

మా అత్త గురించి ఒక మాట. పెద్ద మనిషి, అన్ని విధాలా. ఆవిడ కూర్చోగానే కారు వెనక భాగం హమ్మయ్య అని కిందికి దిగింది.

రోజ్ బెల్ దాటాక మొదటిసారి విన్నాను. కుడి వంపు తిరిగినప్పుడు వెనక నుంచి 'గర్ర్' మని. తర్వాత ఇంకో వంపులో. తర్వాత గుంటలో పడ్డప్పుడు. ఆ శబ్దం ఇంకెవరికైనా కొత్తేమో గానీ నాకు కాదు. టైరు మడ్‌గార్డు లోపలి అంచుకు ఒరుసుకుంటోంది.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఒకటే: బావా, ఆపు. అంతే. రెండు మాటలు. మనుషుల్ని దించి, నలుగురిని ఒకసారి, ముగ్గురిని ఒకసారి, రెండు విడతలుగా చేరిస్తే సరిపోయేది. కానీ ఆపమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకంటే, ఏం కాదు బావా అని చెప్పి లావు టైరు వేసినవాడిని నేనే కాబట్టి. అత్త వెనకే కూర్చుని ఉంది. అల్లుడు కొట్లో పెద్ద పనివాడని ఊరంతా చెప్పుకుని తిరిగే అత్త.

నేనేం చేశానో తెలుసా? గొంతెత్తి పాట అందుకున్నాను.

నాకు స్వరం లేదు. ఎప్పుడూ వెనక వరసలో పెదవులు కదిపే బాపతు. అలాంటిది ఆ రోజు రాముడి పేరు ఎత్తుకుని చెవులు చిల్లులు పడేలా పాడాను. గురువుగారు సంబరపడిపోయారు. "సూరయ్యలో ఇంత భక్తి ఉందని నాకు తెలీదే!" అని తాళం వేశారు. వెనకవాళ్ళు చప్పట్లు. వంపు వచ్చినప్పుడల్లా నేను గొంతు పెంచుతున్నాను, కింద టైరూ పెంచుతోంది. కాలిన రబ్బరు వాసన వస్తే మా అత్త, "ఎవరో గడ్డి తగలబెడుతున్నారు" అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

సూయాక్ దాటాక ఒక వంపులో ఎడమ వెనక టైరు ఢామ్మని పేలింది. కారు వెనక భాగం పక్కకు జారి, రోడ్డు దిగి, చెరకు తోటలోకి పోయి ఆగింది. బావ చేతులు గట్టివి, బండి తిరగబడకుండా పట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పులిహోర మాత్రం హార్మోనియంలోకి పోయింది.

పూజ వేళ మించిపోతోందని గురువుగారూ మిగిలినవాళ్ళూ మృదంగం భుజాన వేసుకుని నడక మొదలుపెట్టారు. ఎస్టేటు మనుషులు పోలీసుకు కబురు పెట్టారు. పోలీసు సైకిలు మీద వచ్చేసరికి కారు దగ్గర ఉన్నది బావ, నేను, నడవలేనని గట్టు మీద కూర్చున్న అత్త. ఆయన చూసిందే రాసుకున్నాడు: డ్రైవరు, ఇద్దరు ప్రయాణికులు, పర్మిట్ తీసుకున్న వారంలోపే కారు తోటలో.

నలుగురు

ఇద్దరే ప్రయాణికులున్న కారు వంపులో జారిందంటే ఎవడైనా ఏమంటాడు? డ్రైవరు దూకుడుగా నడిపాడంటాడు. దొర పర్మిట్ పట్టి ఉంచాడు. వచ్చే గురువారం మా కొట్టు ఆవరణలోనే విచారణ, తప్పు డ్రైవరుదైతే పర్మిట్ రద్దు.

ముస్యే రొలాన్ నన్ను గోడౌనులోకి పిలిచాడు. "సూరయ్యా, టైరు మంచిదే, డ్రైవరు దూకుడు మనిషి అని చెప్పు. నీ పనికి ఏ ఢోకా ఉండదు" అన్నాడు. బెదిరించినట్టు కూడా లేదు, వాన వస్తుందేమో గొడుగు తీసుకెళ్ళు అన్నట్టు చెప్పాడు.

నిజం చెప్పాలంటే, ఆ రాత్రి నేను ఆ మాట చెబుదామనే అనుకున్నాను. నా పని పోతే నా పిల్లలు ఏం తినాలి? పొద్దున్నే నా భార్య కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "అన్నయ్య నిన్న మళ్ళీ పని అడగడానికి సర్దారు ఇంటికి వెళ్ళాడట. గుమ్మంలో గంట నిలబెట్టి పొమ్మన్నాడట" అంది. కాఫీ అక్కడే వదిలేసి లేచాను.

టైరుదే తప్పని చూపించాలంటే బరువు వేసి చూపించాలి. అసలు బరువు వేస్తే ఏడుగురు ఎక్కిన సంగతి బయటపడి బావ మునుగుతాడు. నలుగురికి మించకూడదు. నలుగురు అన్నారు గానీ ఎంత బరువున్న నలుగురో ఏ కాగితంలోనూ రాయలేదు! నేను కాంప్ ద మాస్క్ బస్సెక్కాను.

"అత్తా, గురువారం పోర్ట్ లూయీ రావాలి, బావ పర్మిట్ కోసం. నువ్వూ, సీతమ్మక్కా, అప్పమ్మా, బజారు వీధి పోలమ్మా."

అత్త వేళ్ళు ముడుస్తూ ఆ నాలుగు పేర్లూ లెక్కపెట్టుకుంది.

"అల్లుడా, లావుపాటి వాళ్ళను ఏరుతున్నావా?"

నేను గుమ్మంలో చెప్పులు సర్దడం మొదలుపెట్టాను.

"మరి గంగమ్మను వదిలేశావేం? అప్పమ్మ దానిముందు ఏపాటిది? అప్పమ్మను తీసెయ్."

గురువారం నలుగురూ పట్టుచీరల్లో దిగారు. బావ కారుకు పేలిన టైరు స్థానంలో అదే లాటులో ఇంకోటి వేశాను. మడ్‌గార్డు లోపలి అంచు పొడుగునా తెల్ల సుద్ద రాశాను. దొరను పిలిచి, "సర్, చూడండి. టైరు మీద సుద్ద లేదు" అన్నాను. ఆయన వంగి చూశాడు. తర్వాత ముందు సీట్లో పోలమ్మ, వెనక మిగతా ముగ్గురూ ఎక్కారు. కారు మూలిగింది. ఆవరణకు అడ్డంగా ఒక మురుగు కాలువ పోతుంది. దాని మీదుగా బావ నెమ్మదిగా, నడిచే వేగంతో, వంపు తిప్పాడు.

గర్ర్.

దొర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టైరు పక్కంతా సుద్ద. కారు పుస్తకం తెప్పించి ఐదు, ఐదు ఇరవై చదివాడు. టైరు మీది ఐదు అరవై చదివాడు. లేచి ప్యాంటు దులుపుకుని, కారులోంచి ఒకరినొకరు తోసుకుంటూ దిగుతున్న నలుగురినీ చూసి, "నలుగురు. చట్టం ప్రకారమే ఉన్నారు" అన్నాడు. మీసం కదిలింది. నవ్వో ఏమో నాకు తెలీదు.

"ఈ సైజు వేసింది ఎవరు?"

"నేనే సర్."

"వెయ్యమన్నది?"

ముస్యే తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. "కొట్లో అవే ఉన్నాయి సర్" అన్నాను. అది ఎవరికి తగలాలో వారికి తగిలింది.

వెళ్ళబోతూ దొర ఆఖరి ప్రశ్న వేశాడు. "పేలకముందు ఏమైనా శబ్దం వినిపించిందా?"

విని కూడా నడిపాడంటే తప్పు డ్రైవరుదే అవుతుంది.

"నో సర్" అన్నాడు బావ.

"నో సర్" అన్నాను నేను.

పర్మిట్ తిరిగి ఇచ్చేశారు. కరెక్టు టైర్లు వేసేదాకా కారు రోడ్డెక్కకూడదు, కొట్టు ఆ లాటు మొత్తం చిన్న కార్ల నుంచి విప్పి తీసుకోవాలి అని హుకుం. ముస్యే నన్ను తీసెయ్యలేదు. అన్ని టైర్లు విప్పడానికి మనిషి కావాలి కదా. మూడు వారాలు నాతో మాట్లాడకుండా విప్పించాడు.

ఆ రోజు నుంచి నేను ఏ చిన్న కారుకు సైజు మార్చినా, ఎంతమంది ఎక్కుతారు, ఎక్కడికి పోతారు, డిక్కీలో ఏం పెడతారు అని అడగకుండా జాకీ ముట్టుకోలేదు. ఖాళీ కారుకు వేళ్ళు పెట్టి చూడటం పరీక్ష కాదు. మనుషుల్ని ఎక్కించి చూడండి. మీ వీధిలో లావుపాటి ఆవిడతో స్నేహంగా ఉండండి.

ఓడ వచ్చాక

ఐదు ఇరవైలు వచ్చిన రోజు నేను వాటిని భుజాన వేసుకుని కాంప్ ద మాస్క్ వెళ్ళి, బావ ఇంటి ముందే బిగించాను. ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని నట్లు అందిస్తున్నాడు. మూడు చక్రాలు అయ్యాయి. నాలుగోది, ఆ ఎడమ వెనకది, చేతిలో పట్టుకుని ఇక ఆగలేకపోయాను.

"బావా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. రోజ్ బెల్ నుంచే నాకు శబ్దం వినిపించింది. అదేమిటో నాకు తెలుసు."

"నాకూ వినిపించింది" అన్నాడు.

"వినిపించిందా! మరి ఆపలేదేం?"

బావ ఆశ్చర్యంగా నా వంక చూశాడు, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

"టైర్లు వేసినవాడివి పక్కనే కూర్చుని అంత హాయిగా పాడుతున్నావు కదా బావా. ఏమైనా ఉంటే నువ్వు చెప్పవా అనుకున్నా."